ఫైలు తెరుచుకుంది సరే, రాయనిస్తుందా?

ఒక సహకార సంఘం ఆఫీసులో సభ్యుల జాబితా చూపే ప్రోగ్రాం ఉందనుకుందాం. గుమాస్తా దాన్ని తెరుస్తాడు. పేర్లు, చిరునామాలు, బకాయిలు అన్నీ తెర మీదికి వస్తాయి. వెతికితే దొరుకుతాయి, వరుస మార్చమంటే మారతాయి. కొత్త సభ్యుడి ఫారం ముందు పెట్టుకుని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, నామినీ వివరాలు ఓపిగ్గా టైపు చేసి సేవ్ నొక్కుతాడు. అప్పుడు ఒక చిన్న పెట్టె వస్తుంది: 'అటెంప్ట్ టు రైట్ ఎ రీడ్‌ఓన్లీ డేటాబేస్'. కింద ఓకే అనే బటన్ ఒక్కటే ఉంటుంది. టైపు చేసిందంతా పోయిందో ఉందో అతనికి తెలియదు. డేటాబేస్ ఇంజిన్ తన పని సరిగానే చేసింది. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా సరిగానే అడ్డుకుంది. రాయడం కుదరదన్న సంగతి ఫైలు తెరిచిన క్షణంలోనే చాలావరకు తేలేది. దాన్ని మనిషికి చెప్పాల్సిన ప్రోగ్రాం మాత్రం ఆఖరి నిమిషం దాకా నోరు విప్పలేదు.

డేటాబేస్ ఫైలు మీద రాసే హక్కు ఉందో లేదో ప్రోగ్రాం ముందుగా కనిపెట్టడం ఎలా అనే ప్రశ్న చూడటానికి చిన్నది. అయినా డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేవారిలో దీనిమీద మూడు నాలుగు పక్షాలున్నాయి. ముందే అడిగి తెలుసుకోవాలని కొందరు, అడగడం వృథా, చేసి చూడాలని కొందరు, ఇంజిన్‌కే వదిలేయాలని కొందరు అంటారు. ప్రతి పక్షం చేతిలోనూ గట్టి ఆధారాలున్నాయి, ప్రతి పక్షమూ ఒకచోట తప్పుతోంది. ఈ ముడి పడటానికి కారణం ప్రశ్న వేసే తీరులోనే ఉందని నా అభిప్రాయం. 'ఈ ఫైలు రీడ్ ఓన్లీయా?' అని అడిగినంతకాలం సరైన జవాబు దొరకదు. అలాంటి గుణం ఫైలుకు విడిగా ఉండదు. రాయగలగడం ఒక గొలుసు. అట్రిబ్యూటు, పర్మిషన్లు, డిస్కు, ఫోల్డరు, తాళాలు, ఇంజిన్ నియమాలు ఇవన్నీ ఆ క్షణానికి ఒప్పుకుంటేనే రాయడం జరుగుతుంది. ముందస్తు పరీక్ష ఆ గొలుసుకు హామీ ఇవ్వలేదు, అది కాపాడగలిగేది మనిషి శ్రమను. ఈ రెంటినీ వేరు చేసి చూస్తే వాదంలో సగం చిక్కు విడిపోతుంది.

ఫ్లాపీ మీది మీట నుంచి విస్టా దాకా

3.5 అంగుళాల ఫ్లాపీకి ఒక మూలన చిన్న ప్లాస్టిక్ మీట ఉండేది. దాన్ని జరిపి రంధ్రం తెరిస్తే డిస్కు మీద రాయడం కుదరదు, మూస్తే కుదురుతుంది. చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి చూస్తే చాలు, జవాబు కంటికి కనిపించేది. డాస్‌లో ప్రతి ఫైలుకూ రీడ్ ఓన్లీ అనే గుర్తు ఉండేది, అదీ ఒకే ఒక్క బిట్టు. 'ఫైలు రీడ్ ఓన్లీయా?' అన్న ప్రశ్న పుట్టింది ఆ రోజుల్లోనే, అప్పట్లో అది న్యాయమైన ప్రశ్నే. విండోస్ 95, 98 కాలంలో సీడీ నుంచి హార్డ్‌డిస్కుకు కాపీ చేసిన ఫైళ్లకు ఆ గుర్తు అలాగే అంటుకొని వచ్చేది. సీడీలో ఇచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేసును కాపీ చేసుకున్నవారికి అది తెరుచుకునేది కాని మార్పులు తీసుకునేది కాదు. అందుకే విజువల్ బేసిక్ ప్రోగ్రాముల్లో మొదట గెట్‌ఆట్ర్‌తో గుర్తు చూసి, ఉంటే సెట్‌ఆట్ర్‌తో చెరిపేసే రెండు లైన్లు అలవాటుగా మారాయి. ఆ రెండు లైన్లు నేటికీ కొన్ని ప్రోగ్రాముల్లో బతికే ఉన్నాయి.

యూనిక్స్‌లో సంగతి వేరు. యజమానికి, గుంపుకు, మిగతా వారికి తలా మూడు చొప్పున తొమ్మిది పర్మిషన్ బిట్లు ఉంటాయి. ఫైలు ఒకటే అయినా అడిగేవాడిని బట్టి జవాబు మారుతుంది. 1993లో విండోస్ ఎన్‌టీతో పాటు ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చాక విండోస్‌లోనూ ఎవరికి ఏ హక్కు ఉందో రాసిపెట్టే జాబితాలు వచ్చాయి. అయితే ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఎక్స్‌పీ కాలమంతా చాలామంది అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే పనిచేశారు కాబట్టి ఆ జాబితాల బరువు ఎవరికీ తెలియలేదు. ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లో ప్రోగ్రాం పక్కనే డేటాబేస్ పెట్టడం సర్వసాధారణమైపోయింది.

2007 మొదట్లో విండోస్ విస్టా సామాన్య వినియోగదారులకు అందగానే ఆ అలవాటు బెడిసికొట్టింది. ప్రోగ్రాం ఫైల్స్‌లో మామూలు యూజర్ రాయకూడదు. పాత ప్రోగ్రాములు ఒక్కసారిగా మూలన పడకుండా మైక్రోసాఫ్ట్ ఒక సర్దుబాటు చేసింది. తనకు ఏ హక్కులు కావాలో చెప్పే మ్యానిఫెస్ట్ లేని పాత 32 బిట్ ప్రోగ్రాం అక్కడ రాయబోతే, ఆ రాతను గుట్టుగా ఆ యూజర్ సొంత ఫోల్డర్‌లోని వర్చువల్‌స్టోర్‌కు మళ్లించింది. ప్రోగ్రాముకు మాత్రం అంతా సవ్యంగా జరిగినట్టే కనిపిస్తుంది. ఫలితంగా ఒకే కంప్యూటర్ వాడే ఇద్దరు యూజర్లకు ఒకే పేరుతో రెండు వేర్వేరు డేటాబేసులు తయారయ్యేవి. తర్వాత ప్రోగ్రాం కొత్త వెర్షన్ మ్యానిఫెస్ట్‌తో వస్తే పాత ఎంట్రీలన్నీ మాయమైనట్టుండేది. అవి పోలేదు, వర్చువల్‌స్టోర్‌లో ఉండిపోయాయి. రాయడానికి వీల్లేని చోట రాశానని నమ్మించడం కన్నా రాయలేనని మొహం మీదే చెప్పడం మేలని ఈ అనుభవం రుజువు చేసింది.

ముందే అడగాలనేవారు

ఈ పక్షం వాదన సూటిగా ఉంటుంది. తలుపు తాళం వేసి ఉందో లేదో చూశాకే సామాను మోసుకురావాలి కదా. అందుకు పనిముట్లు బోలెడు. యూనిక్స్‌లో యాక్సెస్ అనే సిస్టమ్ కాల్, విండోస్‌లో ఫైలు అట్రిబ్యూట్లు చెప్పే ఫంక్షన్, పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్‌లోని యాక్సెస్, జావాలో క్యాన్‌రైట్. ఒక్క లైనులో అవుననో కాదనో చెప్పేస్తాయి. డేటాబేస్ ఫైలును తాకకుండా, తాళం వేయకుండా, కొత్త ఫైలు పుట్టించకుండా పని అయిపోతుంది.

అయితే ఇవి చెప్పే అవును, కాదులకు విలువెంత? విండోస్‌లో సీ లైబ్రరీ ఇచ్చే యాక్సెస్ ఫంక్షన్ చూసేది ఆ పాత డాస్ గుర్తునే. ఎన్‌టీఎఫ్‌ఎస్ హక్కుల జాబితా జోలికి అది పోదు. పైథాన్‌లోనిదీ విండోస్ మీద దాదాపు అంతే. అంటే గుర్తు లేకపోయినా హక్కు లేని ఫైలును అది రాయొచ్చని చెబుతుంది. ఫోల్డర్ల విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. విండోస్‌లో ఏ ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచినా రీడ్ ఓన్లీ పెట్టె నిండినట్టే కనిపిస్తుంది. ఫోల్డర్‌లో కొత్త ఫైలు పుట్టించగలమా లేదా అన్నదానికీ దానికీ సంబంధమే లేదు. యూనిక్స్ యాక్సెస్ కాల్ పుట్టింది వేరే అవసరానికి. హెచ్చు అధికారంతో నడిచే ప్రోగ్రాం, తనను పిలిచిన అసలు మనిషికి ఆ హక్కుందో లేదో చూసుకోవడానికి దాన్ని పెట్టారు. అందుకే అది ప్రోగ్రాం అధికారాన్ని కాక అసలు యూజర్ అధికారాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఆ పనికైనా దాన్ని నమ్మొద్దని దాని మాన్యువల్ పేజీయే హెచ్చరిస్తుంది. చూసిన క్షణానికీ తెరిచిన క్షణానికీ మధ్య ఫైలు మారిపోవచ్చు, ఆ సందు భద్రతకు చిల్లు. ఆ సందు గురించి మ్యాట్ బిషప్, మైకేల్ డిల్గర్ 1996లోనే ఒక పరిశోధన పత్రం రాశారు.

భద్రత వాదన డెస్క్‌టాప్ ప్రోగ్రాముకు అంతగా వర్తించదని ఈ పక్షంవారు బదులిస్తారు. తన డేటాబేసును తానే తెరుచుకునే యూజర్ తనను తాను మోసగించుకోడు కదా అంటారు. ఆ మాట న్యాయమే. ఇక్కడ దొంగ భయం లేదు. కాని తప్పుడు జవాబు భయం అలాగే ఉంది. నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉన్న ఫైలుకు హక్కు నిర్ణయించేది సర్వర్. విండోస్ 10లో 2017 అక్టోబరు నుంచి ఉన్న కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌ను ఆన్ చేస్తే, డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద యూజర్‌కు పూర్తి హక్కులున్నా నమ్మకం కుదరని ప్రోగ్రాం రాతను అది ఆపేస్తుంది. పర్మిషన్ల జాబితా ఎంత శ్రద్ధగా చదివినా ఈ అడ్డు అందులో కనిపించదు.

చేసి చూడాలనేవారు

అందుకే రెండో పక్షం, అడిగే బదులు రాయడానికే తెరువు అంటుంది. తెరుచుకుంటే హక్కున్నట్టు, లేకుంటే లేనట్టు. నిర్ణయించే అధికారం ఆపరేటింగ్ సిస్టమ్‌దే అయినప్పుడు దాని నిర్ణయాన్ని మనం బయట నుంచి ఊహించడం ఎందుకు? పైగా జవాబుతో పాటు కారణమూ వస్తుంది. విండోస్‌లో రాసే హక్కు అడిగి ఫైలు తెరిస్తే 5 వచ్చిందంటే అనుమతి లేదని, 32 వచ్చిందంటే మరో ప్రోగ్రాం పట్టుకుని ఉందని, 19 వచ్చిందంటే డిస్కే రాతకు మూసి ఉందని అర్థం. లినక్స్‌లోనూ అనుమతి లేకపోవడానికి ఒక కోడు, ఫైల్‌సిస్టమ్ మొత్తం రీడ్ ఓన్లీగా ఉండటానికి మరో కోడు ఉన్నాయి. యూజర్‌కు చెప్పాల్సిన మాట ఈ మూడింటిలో మూడు రకాలు. మొదటిదానికి అడ్మిన్‌ను పిలవాలి, రెండోదానికి పక్క కిటికీ మూయాలి, మూడోదానికి ఫైలును వేరే చోటికి మార్చుకోవాలి.

సాధారణ ఫైళ్లకు ఈ పద్ధతే ఉత్తమం. డేటాబేసుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక మెలిక ఉంది. ఫైలును తెరిచేది ప్రోగ్రాం కాదు, దాని లోపలి ఇంజిన్. ఆ ఇంజిన్ ఉదారంగా ప్రవర్తిస్తుంది. ఉదాహరణకు ఎస్‌క్యూలైట్ అనే ఇంజిన్‌ను ఒక ఫైలు చదవడానికీ రాయడానికీ కలిపి తెరవమంటే, రాయడానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఒప్పుకోనప్పుడు అది మారుమాట లేకుండా చదవడానికి మాత్రమే తెరిచి, పని సఫలమైందని తిరిగి చెబుతుంది. ఇది పొరపాటు కాదు, దాని మాన్యువల్‌లో రాసిపెట్టిన ప్రవర్తనే. చదవడం మాత్రమే అవసరమైన వేలాది సందర్భాల్లో ఇది మేలు చేస్తుంది కూడా. కాని 'తెరుచుకుంది కాబట్టి రాయొచ్చు' అన్న రెండో పక్షం సూత్రం ఇక్కడ కూలిపోతుంది. మొదట చెప్పిన గుమాస్తా నష్టపోయింది ఇక్కడే.

ఇంజిన్‌నే అడగాలనేవారు

ఈ లోటు తీర్చడానికి ఇంజిన్లలోనే జవాబు చెప్పే దారులున్నాయి. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఎస్‌క్యూలైట్‌లో, 2012 నాటి 3.7.11 వెర్షన్‌తో ఒక ఫంక్షన్ వచ్చింది. తెరిచిన డేటాబేస్ రీడ్ ఓన్లీ అయితే 1, రాయగలిగితే 0, ఆ పేరుతో డేటాబేసే లేకపోతే మైనస్ 1 తిరిగిస్తుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌ను డీఏఓ అనే లైబ్రరీ ద్వారా వాడేవారికి డేటాబేస్ ఆబ్జెక్ట్‌కు అప్‌డేటబుల్ అనే ప్రాపర్టీ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ తన డేటాబేసులకు ఉంచే జాబితాలో ప్రతి డేటాబేస్ పక్కనా రీడ్ ఓన్లీయా కాదా అనే గడి ఉంటుంది. ఫైర్‌బర్డ్‌లో డేటాబేసునే రీడ్ ఓన్లీగా ముద్ర వేయొచ్చు, ఆ ముద్రను మానిటరింగ్ టేబుల్‌లో చదవొచ్చు. రాయబోయేది ఇంజినే కాబట్టి దాని మాట మీద మరొకరి మాట లేదని ఈ పక్షం అంటుంది.

మూడింటిలోకీ బలమైన వాదన ఇదే. మంచి డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ఈ దారిలోనే నడిచాయి. యాక్సెస్ 2007 నుంచి రీడ్ ఓన్లీ ఫైలు తెరవగానే పైన ఒక పట్టీ వస్తుంది. లింక్ చేసిన టేబుళ్లలో మాత్రమే డేటా మార్చగలరని, డిజైన్ మార్చాలంటే కాపీ సేవ్ చేసుకోవాలని చెప్పి, పక్కనే ఆ బటన్ ఇస్తుంది. టైపు చేయడం మొదలు కాకముందే మాట చెప్పడం, చేయాల్సిన పని చూపించడం, రెండూ అందులో ఉన్నాయి. అయినా ఇంజిన్ జవాబునే తుది జవాబు అనుకోవడానికి లేదు. ఎందుకో చూడాలంటే ఫైలు పక్కకు తల తిప్పాలి.

ఫైలు ఒక్కటే కాదు, ఫోల్డరూ

డేటాబేస్ ఫైలు ఒంటరిగా బతకదు. ఎస్‌క్యూలైట్ మామూలు పద్ధతిలో ఒక పేజీని మార్చే ముందు దాని పాత ప్రతిని, డేటాబేస్ పేరుకే జర్నల్ అనే తోక తగిలించిన ఫైలులో, అదే ఫోల్డర్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే వెనక్కి తిరగడానికి అదే ఆధారం. పని ముగియగానే ఆ ఫైలును తీసేస్తుంది. అంటే రాయాలంటే డేటాబేస్ ఫైలు మీద హక్కు చాలదు. పక్కన కొత్త ఫైలు పుట్టించే హక్కు, దాన్ని చెరిపే హక్కు కూడా కావాలి. అవి ఫోల్డర్ హక్కులు. ఫైలుకు రాసే హక్కు ఇచ్చి ఫోల్డర్‌కు ఇవ్వకపోతే, పైన చెప్పిన ఫంక్షన్ 0 అంటుంది, అంటే రాయొచ్చని. రాత మాత్రం జరగదు. ఎర్రర్ కూడా ఒకసారి రీడ్ ఓన్లీ అని వస్తే మరోసారి 'అన్‌ఏబుల్ టు ఓపెన్ డేటాబేస్ ఫైల్' అని 14వ కోడుతో వస్తుంది. కళ్ల ముందు తెరుచుకుని ఉన్న డేటాబేసును తెరవలేనంటోందేమిటని యూజర్ తికమకపడతాడు. తెరుచుకోనిది డేటాబేస్ కాదు, జర్నల్.

యాక్సెస్‌కూ ఇదే గుణముంది. పాత ఎండీబీ ఫైలు పక్కన ఎల్‌డీబీ, కొత్త ఏసీసీడీబీ పక్కన ఎల్‌ఏసీసీడీబీ అనే తాళం ఫైళ్లు పుడతాయి. మైక్రోసాఫ్ట్ సూచన ఈ విషయంలో చాలా స్పష్టం. కొందరికి డేటాబేసు చదివే హక్కు మాత్రమే ఇవ్వదలిస్తే ఆ కట్టడి ఫైలు మీద పెట్టండి, ఫోల్డర్ మీద మాత్రం దాన్ని పంచుకునే అందరికీ చదివే, రాసే, కొత్త ఫైలు పుట్టించే హక్కులు ఉంచండి అంటుంది. చదవడానికి వచ్చినవాడూ తాళం ఫైలులో తన పేరు రాసుకోవాలి మరి. ఆఫీసుల్లో ఐటీ విభాగం దీనికి సరిగ్గా తలకిందులుగా ఫోల్డర్ మొత్తానికి రీడ్ ఓన్లీ పెట్టేయడం, ఆపై యాక్సెస్ చెడిపోయిందని ఫిర్యాదులు రావడం పాత కథే.

ఇంకా లోతుకు పోతే, చదవడానికి కూడా రాయాల్సి వచ్చే సందర్భాలున్నాయి. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి సగంలో ఉన్న జర్నల్ మిగిలిందనుకోండి. తర్వాత తెరిచినవారు ముందు ఆ సగం మార్పును వెనక్కి తిప్పాలి, అంటే డేటాబేసులో రాయాలి. ఫైలు రీడ్ ఓన్లీ అయితే తిప్పలేదు, తిప్పకుండా చదివితే తప్పుడు లెక్కలు చూపుతుంది. కాబట్టి ఎస్‌క్యూలైట్ చదవనివ్వదు, దానికి విడిగా ఒక ఎర్రర్ కోడు ఇస్తుంది. 2010లో వచ్చిన వాల్ (రైట్ అహెడ్ లాగ్) పద్ధతిలో ఇది మరింత ముదిరింది. అందులో మార్పులు వాల్ అనే పక్క ఫైలులోకి వెళ్తాయి, చదివేవారు కూడా పంచుకునే మెమరీ ఫైలు ఒకటి తెరవాలి. 2018 జనవరిలో వచ్చిన 3.22.0 దాకా రాసే హక్కు లేని చోట వాల్ డేటాబేసును చదవడమే కష్టంగా ఉండేది. ఆ తర్వాత, పక్క ఫైళ్లు ముందే ఉన్నా, పుట్టించగలిగినా, లేదా ఫైలు ఎప్పటికీ మారదని ఇమ్యూటబుల్ అనే మాటతో హామీ ఇచ్చినా చదవొచ్చు. ఆ హామీ అబద్ధమైతే తప్పుడు ఫలితాలు రావచ్చని డాక్యుమెంటేషన్ దాచకుండానే చెబుతుంది.

రీడ్ ఓన్లీ అనే ఒక్క 8వ కోడు కింద ఎస్‌క్యూలైట్ ఈరోజు ఆరు ఉపకోడ్లు పెట్టుకుంది. జర్నల్‌ను వెనక్కి తిప్పలేకపోవడం, వాల్ నుంచి కోలుకోలేకపోవడం, మెమరీ ఫైలుకు తాళం వేయలేకపోవడం, దాన్ని సిద్ధం చేసుకోలేకపోవడం, ఫోల్డర్‌లో జర్నల్ పుట్టించలేకపోవడం, తెరిచాక ఫైలునే ఎవరో జరిపేయడం. ఒక మాట వెనుక ఆరు వేర్వేరు కష్టాలు. 'ఈ ఫైలు రీడ్ ఓన్లీయా?' అన్న ప్రశ్న ఎందుకు తెగదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. విచారించాల్సింది ఏమిటంటే, ఈ వివరం చాలాకాలం మధ్య పొరల్లోనే ఇంకిపోయింది. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో ఎర్రర్ కోడును నేరుగా చదివే వీలు 3.11 వెర్షన్‌తో గాని రాలేదు. అంతదాకా ఎర్రర్ సందేశంలోని ఇంగ్లీషు అక్షరాలను పోల్చి చూసుకోవడమే దిక్కు.

మ్యాక్ మీద ఫోల్డర్ సమస్య ఇంకో రూపం తీసుకుంది. యాప్ స్టోర్ ప్రోగ్రాములకు 2012 జూన్ నుంచి శాండ్‌బాక్స్ తప్పనిసరి. అందులో యూజర్ ఓపెన్ పెట్టెలో ఒక ఫైలును ఎంచుకుంటే ప్రోగ్రాముకు దొరికేది ఆ ఫైలు ఒక్కటే, దాని పక్కవి కావు. డేటాబేస్ చేతికి వస్తుంది, జర్నల్‌కు చోటు ఉండదు. దీనికోసమే ఆపిల్ సంబంధిత ఫైళ్లు అనే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. 2016లో సియెరాతో, డౌన్‌లోడ్ చేసిన ప్రోగ్రాంను ఉన్నచోట నుంచే నడిపితే సిస్టమ్ దాన్ని ఒక రీడ్ ఓన్లీ తావు నుంచి నడపడం మొదలైంది. ప్రోగ్రాం పక్కనే డేటాబేస్ పెట్టుకునేవారికి అక్కడా చుక్కెదురైంది.

తాళం వేరు, అనుమతి వేరు

తాళాన్నీ అనుమతినీ కలిపేయడం వాదంలో తరచూ జరిగే పొరపాటు. మరో ప్రోగ్రాం రాస్తూ ఉంటే ఎస్‌క్యూలైట్ ఇచ్చేది 5వ కోడు, 'డేటాబేస్ ఈజ్ లాక్డ్'. అది కాసేపట్లో తీరే అడ్డు, ఆగి మళ్లీ ప్రయత్నిస్తే పోతుంది. రీడ్ ఓన్లీ అలా కాదు, వందసార్లు ప్రయత్నించినా అంతే. ఆగాల్సిన చోట ఫైలు రీడ్ ఓన్లీ అని ప్రకటిస్తే యూజర్ అడ్మిన్ చుట్టూ తిరుగుతాడు. అనుమతి లేని చోట ఆగమంటే తెర ముందు కూర్చుని ఎదురుచూస్తాడు. లెక్కల ప్రోగ్రాం గ్నూక్యాష్ దీన్ని గౌరవంగా పరిష్కరించింది. ఫైలుకు తాళం దొరక్కపోతే రీడ్ ఓన్లీగా తెరవాలా, కొత్త ఫైలు మొదలుపెట్టాలా, ఏదేమైనా తెరవాలా అని అడుగుతుంది. నిర్ణయం యూజర్‌ది.

రాసి చూడటం మీద అభ్యంతరాలు

మూడు పక్షాల లోపాలూ చూశాక మిగిలే దారి, తెరవగానే ఒక ఉత్తుత్తి రాత రాసి వెనక్కి తీసుకోవడం. ఎస్‌క్యూలైట్‌లో చాలామంది ట్రాన్సాక్షన్‌ను ఇమీడియట్‌గా మొదలుపెట్టి అదే చాలనుకుంటారు. చాలదు. కొత్త వెర్షన్లలో డేటాబేస్ రీడ్ ఓన్లీ అయితే ఆ ఆదేశం నిశ్శబ్దంగా చదివే ట్రాన్సాక్షన్‌గా మారి సఫలమవుతుంది. రాయగలిగిన ఫైలైనా జర్నల్ పుట్టేది మొదటి పేజీని మార్చబోయినప్పుడే. కాబట్టి ట్రాన్సాక్షన్ లోపల యూజర్ వెర్షన్ అనే హెడర్ అంకెకు ఉన్న విలువనే మళ్లీ రాసి, రోల్‌బ్యాక్ చేయాలి. అప్పుడు ఫైలు హక్కు, ఫోల్డర్ హక్కు, తాళం మూడూ ఒకేసారి పరీక్షకు వస్తాయి. జర్నల్ పుట్టి పోతుంది, అసలు డేటాబేసులో ఒక్క బైటూ మారదు.

దీనిమీద మూడు అభ్యంతరాలున్నాయి. మొదటిది, చూడటానికి వచ్చిన ప్రోగ్రాం రాయబోవడం మర్యాద కాదని. నిజమే, ఫోల్డర్‌ను కనిపెట్టుకుని ఉండే సింక్ ప్రోగ్రాములు జర్నల్ రాకపోకలను గమనిస్తాయి, తాళం కాసేపైనా ఇతరులకు అడ్డుపడుతుంది. అందుకని ఈ పరీక్షను యూజర్ మార్పు మొదలుపెట్టే చోట ఒక్కసారే చేయాలి. చూడటానికి మాత్రమే వచ్చినప్పుడు అసలు చేయకూడదు. రెండోది, పరీక్ష నెగ్గినా తర్వాతి రాత విఫలం కావచ్చని. డిస్కు నిండిపోవచ్చు, లినక్స్‌లో డిస్కు పాడైతే ఫైల్‌సిస్టమ్ మధ్యలోనే రీడ్ ఓన్లీగా మారేలా ఏర్పాటు ఉండొచ్చు, పెన్‌డ్రైవ్ ఊడిపోవచ్చు. ఇదీ నిజమే. ప్రతి సేవ్ దగ్గరా ఎర్రర్‌ను పట్టుకునే పని ముందస్తు పరీక్షతో తప్పదు. పరీక్ష హామీ కాదని మొదట్లో అన్నది ఇందుకే. మూడోది వీటన్నిటికన్నా గట్టిది. ఎలాగూ సేవ్ దగ్గర పట్టుకోవాలి కాబట్టి ముందస్తు పరీక్ష పూర్తిగా అనవసరమని. ప్రోగ్రాం సరిగా నడవడం ఒక్కటే లెక్కయితే ఈ వాదన నెగ్గుతుంది. కాని సేవ్ దగ్గర ఎర్రర్‌ను ఎంత పొందికగా పట్టుకున్నా అరగంట టైపు చేసిన మనిషికి ఆ అరగంట తిరిగి రాదు. ఆ కొలతలో చూస్తే, పదింట తొమ్మిది సందర్భాల్లో ముందే చెప్పి పదోదాన్ని సేవ్ దగ్గర పట్టుకునే ప్రోగ్రాం, పదీ సేవ్ దగ్గరే పట్టుకునే ప్రోగ్రాం కన్నా మేలైనది.

పక్షాలను పక్కపక్కన పెడితే తేడా ఇలా తేలుతుంది. ముందే అడగడం చవక, డేటాబేసును తాకదు, కాని కాదన్నప్పుడే నమ్మదగ్గది, అవునన్నప్పుడు కాదు. చేసి చూడటం ఆపరేటింగ్ సిస్టమ్ నోట కారణం చెప్పిస్తుంది, కాని ఇంజిన్ ఉదారతకు లొంగిపోతుంది. ఇంజిన్‌ను అడగడం ఫైలు వరకు కచ్చితం, ఫోల్డర్ దగ్గర గుడ్డి. రాసి చూడటం అన్నిటికన్నా లోతుకు పోతుంది, అన్నిటికన్నా చప్పుడూ చేస్తుంది. అందుకే తెరవగానే ఇంజిన్‌ను అడిగి, మార్పు మొదలైనప్పుడు ఒకసారి రాసి చూసి, విఫలమైతే ఎర్రర్ కోడునుంచి కారణం వెలికితీసి, ఆపై ప్రతి సేవ్‌నూ అనుమానంగానే చూడటం నాకు సబబుగా తోస్తుంది.

ఇంకా తేలనివి

సింక్ అయ్యే ఫోల్డర్లలో డేటాబేస్ పెట్టే అలవాటు పెరిగాక రాయగలమన్న జవాబుకే అర్థం మారింది. ఇక్కడ రాయడం కుదురుతుంది, కాని అదే సమయంలో ఇంకో కంప్యూటర్‌లోనూ కుదురుతుంది, రెండు రాతలూ తర్వాత ఢీకొంటాయి. ఏ హక్కుల పరీక్షా దీన్ని పట్టుకోలేదు. పని మధ్యలో హక్కు పోతే ఏం చేయాలన్నదీ తేలలేదు. నిమిషానికోసారి పరీక్షించడం తాళాల బెడద తెస్తుంది, పరీక్షించకపోతే యూజర్ గాలిలో టైపు చేస్తుంటాడు. టైపు చేసిందాన్ని యూజర్ సొంత ఫోల్డర్‌లో తాత్కాలికంగా దాచి, హక్కు తిరిగొచ్చాక కలపడం ఒక మార్గం. అయితే వర్చువల్‌స్టోర్ చేసిన తప్పు మళ్లీ జరగకుండా, డేటా ఎక్కడుందో యూజర్‌కు చెప్పి మరీ దాచాలి. అన్నిటినీ రీడ్ ఓన్లీగానే తెరిచి, మార్చు అనే బటన్ నొక్కితేనే రాసే కనెక్షన్ తీసుకోవాలనే వాదన కూడా ఉంది. చూసేవారు ఎక్కువ, మార్చేవారు తక్కువ ఉన్న చోట అది బాగుంటుంది. రోజంతా ఎంట్రీలు చేసే చోట అడుగడుగునా ఒక నొక్కు అదనం.

ప్రోగ్రాములు రాసేవారికి ఒక విన్నపం. తర్వాతి వెర్షన్ విడుదల చేసే ముందు మామూలు యూజర్ ఖాతాలోకి వెళ్లండి. డేటాబేస్ ఫైలుకు రాసే హక్కు ఉంచి, అది ఉన్న ఫోల్డర్‌కు మాత్రం తీసేయండి. మీ ప్రోగ్రాం తెరిచి, కొత్త ఎంట్రీ బటన్ నొక్కి చూడండి. రాయలేనన్న మాట మొదటి అక్షరం టైపు చేయకముందే తెర మీదికి రావాలి.